అమ్మ హార్లిక్స్ సీసా

ట్రంకుపెట్టె మూత ఎత్తగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. ఆ వాసన అడుగున ఇంకోటి, ఎండిన బురద వాసన. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు ఈ పెట్టె రోజుల తరబడి నీళ్ళలోనే ఉంది. నీళ్ళు తీశాక అమ్మే అన్నీ డాబా మీద ఎండబెట్టుకుని, కొత్త కలరా ఉండలు వేసి, తన చేత్తో మళ్ళీ సర్దుకుంది. ఆ తర్వాత కొన్ని నెలలకే ప్రభువు పిలుపు అందుకుంది.

ఏడాది జ్ఞాపకార్థ కూడిక కోసం విజయవాడలో మా తమ్ముడింటికి వచ్చాను. కూడిక రేపనగా మరదలు తాళంచెవి నా చేతిలో పెట్టింది. "బావగారూ, మాకెవరికీ చేతులు రాలేదు. మీరే తియ్యండి" అంది.

పైన రెండు తెల్ల చీరలు, నర్సు ఉద్యోగం నాటివి. వాటి కింద ఆగిపోయిన వాచీ, గాజుగుడ్డలో చుట్టిన కత్తెర, నాన్న కళ్ళజోడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం నీళ్ళకి ఉబ్బి ఇటుకంత లావైంది. కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయి, తెరవబోతే పొరలు పొరలుగా ఊడొస్తున్నాయి. అన్నిటికీ అడుగున పాత తువ్వాల్లో చుట్టిన హార్లిక్స్ సీసా. వెనకటి రోజుల గాజు సీసా. మూత గట్టిగా బిగించి ఉండడం వల్ల లోపలికి చుక్క నీరు పోలేదు.

ఆ సీసా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. దాన్నిండా పొట్లాలు. బెజవాడ అమ్మవారి కుంకుమ, కోటప్పకొండ విభూతి, పెదకాకాని నుంచి ఎవరో తెచ్చిచ్చిన పసుపుకొమ్ము, గుంటూరు కాలే మస్తాన్ దర్గాలో కట్టించుకొచ్చిన తాయెత్తు, గుణదల కొండ దగ్గర వెలిగించగా మిగిలిన కొవ్వొత్తి ముక్క. పుట్టు లూథరన్ క్రైస్తవురాలు, జన్మలో బొట్టు పెట్టుకోని మనిషి మా అమ్మ. ఇవన్నీ ఆమె పెట్టెలోవే. ప్రతి పొట్లం మీదా క్యాలెండరు కాగితం చుట్టి, పెన్సిలుతో ఒక ముక్క రాసి పెట్టింది.

*

మాది గుంటూరు. అమ్మ కుగ్లర్ ఆసుపత్రిలో నర్సు. మా చిన్నతనంలో ముసలివాళ్ళు దాన్ని మిషన్ ఆసుపత్రి అనే పిలిచేవాళ్ళు. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ కథ మా ఇంట్లో రాత్రి అన్నాల దగ్గర చెప్పే కథ. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చింది. చదివింది వైద్యం, కానీ మిషన్ వాళ్ళు పంపింది ఆడవాళ్ళకి చదువు చెప్పడానికి. ఆవిడ చదువు చెబుతూనే రోగుల్నీ చూడడం మొదలుపెట్టింది. 1898కి గానీ ఆసుపత్రి తెరవలేకపోయారు. 1930లో ఆవిడ ఈ ఊళ్ళోనే కన్నుమూశాక ఆసుపత్రికి ఆవిడ పేరు పెట్టారు. "పదిహేనేళ్ళు ఓపిక పట్టింది చూడు" అనేది అమ్మ. కథలో అమ్మకి నచ్చిన ముక్క అదే.

నైట్ డ్యూటీ దిగి అమ్మ ఇంటికి వచ్చేసరికి పొద్దున ఎనిమిదయ్యేది. ఆమె చీరకి స్పిరిట్, డెట్టాల్, మరిగించిన సిరంజీల ఆవిరి, అన్నీ కలిసిన వాసన ఉండేది. ఆ కొంగులో మొహం దాచుకుంటేనే నాకు తెల్లారినట్టు. అప్పుడప్పుడు సెలవు రోజుల్లో నన్ను వెంట తీసుకుపోయి ఆయమ్మ దగ్గర కూర్చోబెట్టేది. పింగాణీ బేసిన్ల చప్పుడు, చక్రాల బల్ల కీచుమనడం, దూరంగా కాన్పు గదిలోంచి కేక, వెంటనే పసిబిడ్డ ఏడుపు. ఇప్పటికీ ఎక్కడైనా ఇనప చక్రం కీచుమంటే ఆ వరండాలోకి వెళ్ళిపోతాను.

పొద్దున్నే వార్డులో ప్రార్థన జరిగేది. ఒక కీర్తన, ఒక చిన్న మాట, అంతే. మా కీర్తనల పుస్తకంలో చాలా పాటల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి లాంటి వాళ్ళు 19వ శతాబ్దంలో కట్టిన కీర్తనలు అవి, హరికథ వినే చెవికి కొత్తగా ఉండవు. పల్లెల నుంచి వచ్చిన ముసలమ్మలు మంచం మీదే లేచి కూర్చుని చప్పట్లతో తాళం వేసేవాళ్ళు. ఒకావిడ చివర్లో "గోవిందా" అంది. కొత్తగా చేరిన నర్సు పిల్ల నవ్వబోతే అమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. పాట అయ్యాక ఆ ముసలమ్మ దగ్గరికి వెళ్ళి, "బాగా తాళం వేశావమ్మా, మీ ఊళ్ళో భజన ఉందా?" అని అడిగింది.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది లేకపోతే మా అమ్మ అర్థం కాదు. మా తాత పాలేరు. ఊరి బావికి దూరంగా నిలబడి, ఎవరో తోడి పై నుంచి పోస్తే దోసిలి పట్టిన మనిషి. ఆయన కూతురు ఆసుపత్రిలో నర్సయ్యాక కూడా, కాన్పుకి వచ్చిన ఓ పెద్దింటి పిల్ల తల్లి అమ్మ చేతి నీళ్ళు వద్దంది. ఇంటి నుంచి మరచెంబు తెచ్చుకుంది. అమ్మ మాట్లాడకుండా ఆ మరచెంబుకి స్టూలు వేసి, ఈగలు వాలకుండా గాజుగుడ్డ కప్పింది. పిల్లకి రక్తస్రావం ఎక్కువైతే రాత్రంతా పక్కనే నిలబడింది.

రెండో రోజు అదే పెద్దావిడ, వరండాలో కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న ఓ పల్లె మనిషిని "అవతలికి జరుగు, మా చెంబు కడుక్కోవాలి" అని కసిరింది. అమ్మ అప్పుడు మాత్రం ఊరుకోలేదు. గొంతు పెంచలేదు గానీ ఆ మనిషి బిందె నిండేదాకా కుళాయి దగ్గర తనే నిలబడి, "ఈవిడ తర్వాత మీరు, అమ్మగారూ" అంది.

చాలా ఏళ్ళ తర్వాత నేను అమ్మని అడిగాను. నిన్ను అంటే ఊరుకున్నావు, ఆమెని అంటే ఎందుకు ఊరుకోలేదు అని. "నన్ను నేను తగ్గించుకోవచ్చు. ఇంకొకళ్ళని తగ్గించే హక్కు నాకెవరిచ్చారు?" అంది. క్రైస్తవ దీనత్వం గురించి ప్రసంగాలు చాలా విన్నాను. పీటల మీద కూర్చున్నవాళ్ళు నేల మీద కూర్చున్నవాళ్ళకి చెప్పే దీనత్వం కూడా విన్నాను. అమ్మ మాట దగ్గరికి అవేవీ రాలేదు నాకు.

ఆ పిల్ల డిశ్చార్జి అయ్యే రోజు ఆ పెద్దావిడ అమ్మవారి కుంకుమ పొట్లం తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. తాకకుండా పై నుంచి వెయ్యలేదు, అరచేతిలోనే పెట్టింది. హార్లిక్స్ సీసాలో మొదటి పొట్లం అదేనని అమ్మ చెప్పేది. దాని మీద ఉన్న రాత: "6వ మంచం, కాన్పు, ఇద్దరూ క్షేమం."

*

మా ఇంటి పక్కన వడ్రంగివాళ్ళు. వాళ్ళబ్బాయి, నేను ఒకే క్లాసు. పొద్దుటి నుంచి చిత్రిక పట్టే చప్పుడు, వాకిట్లో చెక్కపొట్టు చుట్టలు. వాటిని ముక్కుకి పెట్టుకుంటే టేకు వాసన. వాళ్ళ నాయనమ్మ తులసికోట దగ్గర దీపం పెట్టి, మిగిలిన బెల్లం ముక్క మా ఇద్దరికీ సమంగా కొరికి ఇచ్చేది.

ఆ నాయనమ్మ ఎండాకాలంలో పోయింది. అప్పుడే నేను వేసవి సెలవుల బైబిలు బడిలో బహుమతి తెచ్చుకుని ఉన్నాను. అక్కడ ఓ పెద్ద బొమ్మల చార్టు ఉండేది, ఇరుకు దారి ఒకటి, విశాలమైన దారి ఒకటి, ఆ విశాలమైన దారి చివర మంటలు. కర్మకాండలు ఇంకా అవలేదు. మావాడు వాకిట్లో కూర్చుని, "మా నాయనమ్మ ఎక్కడికెళ్ళుంటుందిరా?" అని అడిగాడు. నేను చార్టులో చూసింది చూసినట్టు చెప్పేశాను.

వాడు ఏడవలేదు. లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం చిత్రిక చప్పుడు వినపడలేదు.

అమ్మకి ఎలా తెలిసిందో తెలిసింది. నన్ను కొట్టలేదు. డ్యూటీ చీర కూడా మార్చుకోకుండా చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి లాక్కుపోయింది. మైల ఇల్లు, బయటివాళ్ళు గడప తొక్కరు. అమ్మ తొక్కింది. తిన్నగా వెళ్ళి నేల మీద కూర్చుని, నన్ను పక్కన కూలేసి, "అన్నయ్యగారూ, మావాడు అనకూడని మాట అన్నాడు. మమ్మల్ని క్షమించండి" అంది.

వడ్రంగి మామయ్య గుండు మీద చెయ్యి పెట్టుకుని, "ఊరుకో చెల్లెమ్మా, పిల్లాడు. వాడికేం తెలుసు" అన్నాడు.

"వాడికి తెలీదు. నేర్పింది మేమే కదన్నయ్యా" అంది అమ్మ.

ఆ "మేమే" అన్న మాట నేను మర్చిపోలేదు. వాడు అన్నాడు అని తప్పించుకోలేదు. బైబిలు బడివాళ్ళు అన్నారు అనీ అనలేదు. ఆ ఇంట్లో చాలాసేపు కూర్చున్నాం, ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మామయ్య భార్య మధ్యలో రెండుసార్లు ఏడ్చింది, అమ్మ ఆవిడ వీపు రాస్తూ కూర్చుంది. నాకు కాళ్ళు తిమ్మిరెక్కాయి.

ఇంటికి వచ్చాక నాన్న నాకు యోబు గ్రంథం తీసి చదివించారు. ఆయన మిషన్ ఎలిమెంటరీ బడిలో మాస్టారు, ఏదైనా చదివించందే వదలరు. యోబు పిల్లలు పోయారు, ఆస్తి పోయింది, ఒంటి నిండా కురుపులు. ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితో నేల మీద కూర్చున్నారు. ఒక్కరూ పలకలేదు. "ఆ ఏడు రోజులూ వాళ్ళు మంచి స్నేహితులే. తర్వాత నోళ్ళు తెరిచారు" అంది అమ్మ గిన్నెలు కడుగుతూ.

*

అన్ని మతాలూ ఒకటే అని అమ్మ ఏనాడూ అనలేదు. ఇది రాయకపోతే ఆమెకి అన్యాయం చేసినవాణ్ణవుతాను. యేసుప్రభువు తప్ప ఇంకో పేరు ఆమె ప్రార్థనలో వినపడలేదు. ఎవరైనా అడిగితే దాచలేదు కూడా. అడగనివాళ్ళకి మాత్రం జ్వరం చూసి పోయేది.

ప్రసాదం సంగతికి వస్తే, మా ఇంట్లో రెండు మనస్సాక్షులు ఉండేవి. నాన్న తినేవారు కాదు. రెండు చేతులా అందుకుని, "మా నియమం మాకుంది, మీ ప్రేమ మాత్రం తీసుకున్నాను" అని ముఖం మీదే చెప్పేవారు, ఎవరూ నొచ్చుకోగా చూడలేదు. అమ్మ ప్రార్థన చేసుకుని తినేది. ఇద్దరికీ దీని మీద ఒక్కసారి కూడా గొడవ కాలేదు. ఇప్పుడు ఇదే విషయం మీద అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్ళు నాకు తెలుసు.

వడ్రంగి అత్తయ్యకి గుణదల మొక్కు ఉండేది. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత ఉత్సవాలు. 1924 నుంచి అక్కడ మాత సన్నిధి ఉంది. కొబ్బరికాయలు, తలనీలాలు, కొండ మీద సిలువ దాకా మెట్లెక్కే జనం, వాళ్ళలో సగం మంది హిందువులే అనిపిస్తుంది చూస్తే. మేము లూథరన్లం, మాతకి మొక్కం. అయినా అత్తయ్య చంటిపిల్లని ఎత్తుకుని ఒక్కతీ పోలేదని అమ్మ సెలవు పెట్టి మరీ వెంట వెళ్ళింది, నన్ను కూడా తీసుకుని.

ప్యాసింజరు బండి కృష్ణ మీదికి రాగానే పెట్టెలో అందరూ కిటికీల దగ్గరికి జరిగారు. బండి చప్పుడు మారిపోయింది, కింద ఇనప కమ్ములు గణగణమంటున్నాయి. అవతలి ఒడ్డున ఇంద్రకీలాద్రి కనపడగానే చేతులు జోడించేవాళ్ళు జోడించారు, నదిలోకి పైసలు విసిరేవాళ్ళు విసిరారు. అత్తయ్య కొంగు ముడి విప్పితే చిల్లర లేదు. అమ్మ తన పర్సులోంచి పది పైసల బిళ్ళ తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "నువ్వెయ్యి వదినా" అంది. అత్తయ్య బిళ్ళని కళ్ళకద్దుకుని విసిరింది. కమ్మికి తగిలి ఒక్కసారి టింగుమని నీళ్ళలోకి పోయింది.

కొండ మీద అత్తయ్య మొక్కు తీర్చుకునేంతసేపూ అమ్మ చంటిపిల్లని ఎత్తుకుని ఓ చెట్టు కింద నిలబడింది. సీసాలో ఉన్న కొవ్వొత్తి ముక్క అప్పటిది.

*

1977 నవంబరు 19, శనివారం. ఆ రాత్రి గుంటూరులో కూడా గాలి రేకుల్ని పీకి పారేసింది. పెంకులు ఒకదాని తర్వాత ఒకటి జారి పడుతుంటే నాన్న మమ్మల్ని మంచం కింద దూర్చి, తను మంచం మీద కూర్చున్నారు. దివిసీమలో ఉప్పెన వచ్చిందన్న కబురు మాకు ఒకటి రెండు రోజులకి గానీ పూర్తిగా తెలియలేదు. చనిపోయినవాళ్ళు ప్రభుత్వ లెక్కల్లోనే వేల మంది. పల్లెలకి పల్లెలే లేవు.

అమ్మ వైద్యుల బృందంతో బెజవాడ వెళ్ళి, అక్కడి నుంచి లారీలో అవనిగడ్డ వైపు వెళ్ళింది. కలరా సూదిమందులు వెయ్యడానికి. వచ్చాక వారం రోజులు అన్నం సరిగా తినలేకపోయింది. చేతులు సబ్బుతో కడుక్కుని వాసన చూసుకునేది, మళ్ళీ కడుక్కునేది. చెప్పింది కొంచెమే, అదీ ఏళ్ళ మీద, ముక్కలు ముక్కలుగా.

తుమ్మచెట్ల మీద చీరలు వేలాడుతున్నాయట. పశువుల్నీ మనుషుల్నీ విడదీసే ఓపిక ఎవరికీ లేదట. కాషాయం కట్టిన స్వాములు, సిస్టర్లు, కాలేజీ కుర్రాళ్ళు, టోపీలు పెట్టుకున్న సాయిబులు, ముక్కులకి గుడ్డలు కట్టుకుని ఒకే కర్రకి రెండు వైపులా పట్టుకుని శవాల్ని మోస్తున్నారట. "ఎవరు ఎవరికి మొక్కుతారో అక్కడ ఎవరూ అడగలేదురా" అనేది. వెంటనే ఆగి, "ఒకళ్ళు అడిగారు" అనేది.

ఎవరో ఒక జట్టు రొట్టెలు పంచుతూ, రొట్టెతో పాటు కరపత్రం ఇస్తున్నారు. మనవాళ్ళే. "ఇప్పటికైనా మారుమనస్సు పొందండి" అని దాని మీద ఉంది. నలుగురు పిల్లల్ని పోగొట్టుకున్న ఓ మనిషి రొట్టె తీసుకోకుండా ఆ కాగితాన్నే చూస్తూ నిలబడ్డాడు. అతనికి చదువు రాదు. "ఇందులో నా పిల్లలెక్కడున్నారో రాశారా అమ్మా?" అని అమ్మనే అడిగాడు. అమ్మ ఆ కాగితం అతని చేతిలోంచి తీసుకుని, మడిచి, జాకెట్లో పెట్టుకుంది. ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి నాన్నకిస్తే ఆయన దాన్ని చాలాసేపు చూసి పొయ్యిలో వేశారు.

బాధలో ఉన్న మనిషికి సువార్త చెప్పకూడదని నేను అనను. ఆ చేతిలో రొట్టె, ఈ చేతిలో షరతు పెట్టుకుని వెళ్ళడమే నాకు మింగుడు పడదు. అప్పుడూ పడలేదు, ఇప్పుడూ పడదు.

ఇక ఆ పొట్లం. ఓ ముసలామెకి ఇంట్లో అందరూ పోయి, కోడలి శవం ఒక్కటే దొరికింది. ఆ కోడలికి పాతికేళ్ళు కూడా ఉండవు. పుణ్యస్త్రీగా పోయిన పిల్లని బొట్టు లేకుండా పంపుతానా అని ముసలామె శవాన్ని కదలనివ్వడం లేదు. కుర్రాళ్ళు తొందర పెడుతున్నారు, వాళ్ళ బాధ వాళ్ళది, అప్పటికే చాలా ఆలస్యమైంది. అమ్మ ఓ తపేలాతో నీళ్ళు తెచ్చి ఆ పిల్ల మొహం మీది ఒండ్రు కడిగింది. తర్వాత కుంకుమ కోసం తిరిగింది. ఆ ఊళ్ళో కుంకుమ ఎక్కడుంటుంది? గంజి కాచే చోట పసుపు దొరికింది. లారీ క్లీనరు దగ్గర తాంబూలం సున్నం దొరికింది. పసుపులో సున్నం వేసి రెండు చుక్కలు నీళ్ళు పోసి వేలితో రుద్దితే ఎర్రగా తిరుగుతుంది, పారాణికి చేసినట్టు. అరచేతిలోనే కలిపి, ఆ పిల్ల నుదుట బొట్టు పెట్టింది. పాదాలకి రాసింది. ముసలామె చూసి, "ఇంక తీసుకుపోండి నాయనా" అంది.

మిగిలిన ఎరుపుని ముసలామె చిన్న గుడ్డపీలికలో తుడిచి అమ్మకే ఇచ్చింది. ఆ పిల్ల పేరు అమ్మ అడగలేదట, అడగడానికి నోరు రాలేదట. పొట్లం మీద "కోడలు" అని మాత్రం రాసి ఉంది.

*

ఈ సంగతి ఎలాగో మేము అప్పట్లో వెళ్ళే సంఘంలో తెలిసింది. అమ్మకి అక్కడ ఒక పని ఉండేది, ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికి, గంజి పెట్టి, నీలిమందు వేసి, ఇస్త్రీ చేసి శనివారం సాయంత్రానికి అందించడం. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరు పెద్దలు నాన్నని పక్కకి పిలిచి, శవానికి బొట్టు పెట్టిన చేతులతో బల్లగుడ్డ ముట్టుకోవడం బాగుండదు, కొన్నాళ్ళు వేరేవాళ్ళు చూసుకుంటారు అన్నారు.

నాన్నకి కోపం వచ్చింది. జీవితంలో ఆయనకి అంత కోపం రావడం నేను చూడలేదు. మంచి సమరయుడి కథ తీసి ఆ పెద్దల ఇంటికి వెళ్ళి చదివి వినిపిస్తానన్నారు. యాజకుడు పక్కనుంచి పోయాడు, లేవీయుడు పోయాడు, దెబ్బలు తిన్నవాడికి కట్టు కట్టినవాడు మన మతం కానివాడు, ప్రభువు ఏరికోరి వాణ్ణే కథలో పెట్టాడు, అది వీళ్ళకి కనపడదా అని. అమ్మ ఆయన చేతిలోంచి బైబిలు తీసుకుని, "నేను తప్పు చేశాననుకుంటే దేవుడితో నేను చెప్పుకుంటాను. మీరు అన్నం తినండి" అంది. ఆదివారం మానలేదు. వెనక వరసలో కూర్చునేది.

కొన్ని నెలలు గడిచాయి. ఒక శనివారం ఉపదేశిగారు సైకిలు మీద వచ్చి, గుడ్డసంచి గుమ్మానికి తగిలించి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. సంచిలో మాసిన బల్లగుడ్డ ఉంది. ఎవరూ క్షమించమని అడగలేదు, అమ్మా అడగలేదు. ఆ మధ్యాహ్నం బావి దగ్గర ఆమె గుడ్డ జాడిస్తూ కీర్తన పాడుకోవడం వడ్రంగివాళ్ళింటి దాకా వినపడింది.

సాయిబుగారి తాయెత్తు ఆ రోజుల్లోదే. ఆయనది సైకిలు షాపు. ఆయన పెద్దకొడుక్కి టైఫాయిడ్ వస్తే అమ్మ డ్యూటీ దిగి వాళ్ళింటికి వెళ్ళి సూది వేసి వచ్చేది. రంజాను నెలంతా మాకు మసీదు గంజి స్టీలు క్యారియరులో వచ్చేది. మిరియాల ఘాటు, అడుగున కొంచెం మాడు వాసన. ఆ రుచి మళ్ళీ నాకు దొరకలేదు.

*

నాన్న పోయాక అమ్మ తమ్ముడి దగ్గరికి సింగ్‌నగర్ వచ్చేసింది. 2024 సెప్టెంబరు 1 ఆదివారం. అటు కృష్ణలో వరద పెరుగుతోంది, మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. ఇటు బుడమేరుకి గండ్లు పడి నీళ్ళు వీధుల్లోకి వచ్చాయి. అమ్మ గుడికి తయారై, బైబిలు సంచి ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉందట. చూస్తుండగానే మంచం కోళ్ళు మునిగాయి. ఎనభై దాటిన మనిషిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, వీధిలో కుర్రాళ్ళు నలుగురు నడుం లోతు నీళ్ళలోంచి మోసి, ఎదురింటి మేడ మీదికి చేర్చారు.

ఎదురింటివాళ్ళు భవానీ దీక్షలు తీసుకునే కుటుంబం. ఆ ఇంట్లో ఖాళీగా ఉన్న మంచం పూజగదిని ఆనుకుని ఉన్న గదిలోదే. అమ్మని అక్కడే పడుకోబెట్టారు. కరెంటు లేదు, కుళాయి లేదు, కింద నల్లటి నీళ్ళు.

ఈ సంగతి నాకు ఆ ఇల్లాలే చెప్పింది, నిన్న సాయంత్రం. అమ్మకి ఆయాసం. మొదటి రోజు సాయంత్రం అగరొత్తుల పొగకి దగ్గు తెర వచ్చింది. మర్నాటి నుంచి ఆవిడ అగరొత్తులు వెలిగించలేదు. "దీపం చాలు, అమ్మవారికి తెలీదా" అనుకుందట. అమ్మకేమో పొద్దున్నే గొంతెత్తి కీర్తన పాడి ప్రార్థన చేసుకోవడం అరవై ఏళ్ళ అలవాటు. ఆ ఇంట్లో మొదటి రెండు రోజులూ ఆమె పెదవులు కదిలాయే తప్ప గొంతు బయటికి రాలేదు. మూడో రోజు ఆ ఇల్లాలే ఉండబట్టలేక, "మామ్మగారూ, మీరు పాడుకునేవాళ్ళటగా, పాడండి, ఈ చీకట్లో మాకూ ధైర్యంగా ఉంటుంది" అంది. అమ్మ పాడింది. పడవలో ఎవరో అందించిన పులిహోర పొట్లాలు విప్పుకుని అందరూ నేల మీద కూర్చుని తిన్నారు. ఏ గుడి పులిహోరో, ఎవరింటిదో ఎవరికీ తెలియదు.

చెబుతూ ఆవిడ ఏడ్చింది. నేనేం మాట్లాడలేదు.

*

కూడికకి ఆవిడ కూడా వచ్చింది, చివరి కుర్చీలో కూర్చుంది. యువకుడైన పాస్టరుగారు ప్రసంగం క్లుప్తంగా ముగించి, భోజనాల దగ్గర నన్ను ఆ సీసా గురించి అడిగారు. మా తమ్ముడు చెప్పి ఉంటాడు. "వాటిని ఏం చేద్దామనుకుంటున్నారు?" అన్నారు. కృష్ణలో కలిపేద్దామని ఒకరు, ఎవరి గుడివి వాళ్ళకి ఇచ్చేద్దామని ఒకరు అన్నారు.

మరదలు మజ్జిగ పోస్తూ ఆగింది. "అదేంటి, అత్తయ్య వాటితోనేగా ప్రార్థన చేసేది" అంది.

మాకెవరికీ అర్థం కాలేదు. రోజూ తెల్లవారుజామున అమ్మ సీసా మూత తీసి, చూడకుండా చెయ్యి పెట్టి ఒక పొట్లం తీసేదట. కళ్ళజోడు పెట్టుకుని దాని మీద రాసింది చదివి, అరచేతిలో పట్టుకుని, ఆ మనిషి కోసం, వాళ్ళింటి కోసం ప్రార్థన చేసి, మళ్ళీ లోపల వేసేదట. వరద తర్వాత కీర్తనల పుస్తకం పాడైందని బాధపడింది కానీ, సీసా పొడిగా ఉందని చూసుకుని పెట్టెకి ఆనుకుని అలాగే కూర్చుండిపోయిందట. "నేను మూడేళ్ళ పాటు చూశాను. మీకు తెలుసనుకున్నా బావగారూ" అంది.

ఈ పొద్దున ఐదింటికి మెలకువ వచ్చింది. ఇల్లంతా నిద్రలో ఉంది. ఎదురింట్లో పూజగది దీపం కిటికీలోంచి కనపడుతోంది. సీసా ముందు పెట్టుకుని మూత తిప్పాను, చాలా బిగువుగా ఉంది. చూడకుండా చెయ్యి పెట్టాను. చేతికి వచ్చిన పొట్లంలో విభూతి ఉంది. పెన్సిలు రాత సగం చెరిగిపోయింది: "పొన్నూరు, పామకాటు, మగపిల్లాడు, 9 ఏళ్ళు." బతికాడో లేదో రాయలేదు. బతికి ఉంటే నా ఈడువాడు అయి ఉంటాడు.

పొట్లం అరచేతిలో పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను.